మూడో బేసు దగ్గర నా చెయ్యి

మా చిన్నప్పుడు ఆటకి అంపైర్ వస్తున్నాడంటే ఆయనకి రూల్స్ ఎంతవరకూ తెలుసని ఎవరూ అడిగేవారు కాదు... ఎవరింట్లో భోంచేస్తాడనే అడిగేవారు!

ముక్తేశ్వరం దగ్గర పల్లెటూరు మాది. బయటినుంచి వచ్చిన మనిషిని అన్నం పెట్టకుండా పంపిస్తే ఊరంతటికీ పరువు తక్కువ. అలాగని పెట్టి ఊరుకుంటారా? తిన్నాడంటే మన మనిషి, తినలేదంటే అవతలివాళ్ల మనిషి. అంతే!

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బడికి బేస్‌బాల్ వచ్చింది. అప్పటిదాకా ఆడపిల్లలమంతా కబడ్డీయే. మా డ్రిల్లు మాస్టారు ఒక బ్యాటు, రెండు బంతులు తెచ్చి, గోనెసంచుల్లో ఇసక పోయించి నాలుగు మూలలా పడేయించారు. "ఇయ్యే బేసులు. బంతి కొట్టి వీటి చుట్టూ తిరిగి మళ్లీ ఇంటి బేసుకొస్తే పరుగు" అన్నారు. నన్ను మూడో బేసు దగ్గర నిలబెట్టారు.

నెల తిరక్కుండానే పక్క మండలం జట్టుతో పోటీ. గెలిచినవాళ్లు జిల్లా ఆటలకి కాకినాడ వెళ్తారు. నేను అప్పటికి అమలాపురం దాటి ఎరగను. కాకినాడ అని తలుచుకుంటేనే అన్నం సహించేది కాదు...

అంపైర్‌గా సుందరరావు మాస్టారొచ్చారు. ఎక్కడో సైన్సు చెప్పేవారట. తెల్లచొక్కా, మెళ్లో ఈల, మైదానం మొత్తానికి ఆయనొక్కరే. వచ్చింది మాత్రం అవతలి జట్టు మాస్టారి బండి వెనక కూర్చుని! మా మావయ్య మొహం అక్కడే మాడిపోయింది. అయినా మర్యాద మర్యాదే కదా.

"భోజనానికి లేవండి మాస్టారూ. పనసపొట్టు కూర చేయించేనండి."

"ఆయ్... ఆటయ్యేక చూద్దామండి" అని నవ్వేశారాయన.

మావయ్య మా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "చూసేరా? మనింట్లో తినలేదంటే వాళ్లింట్లో తినేసే వచ్చుంటాడు."

ఇక చూడండి మా అనుమానాలు... ఆయన ఈల ఊదితే అనుమానం, ఊదకపోతే అనుమానం. అవతలివాళ్ల బిందెలో నీళ్లు తాగారని గట్టు మీద ఒకటే గుసగుసలు. మాకు అనుకూలంగా ఏదైనా ఇస్తే, "పైకి అలా కనపడాలి కదా మరి" అనేవాడు మావయ్య.

ఆఖరి విడతకి పరుగులు సమానం. బ్యాటు వాళ్లది. బంతి దూరంగా పోయింది. రెండో బేసు మీదున్న పిల్ల నా బేసు తొక్కి ఇంటివైపు తిరిగింది. మావాళ్లు బంతిని తిన్నగా ఇంటి బేసుకే విసిరారు. అది నా దగ్గరికి రాదని నాకు తెలుసు.

ఇక్కడో రూలుంది, చిన్నదే. బంతి అందుకోబోయేవాళ్లని పరిగెత్తేవాళ్లు గుద్దకూడదు. బంతితో పనిలేనివాళ్లు పరిగెత్తేవాళ్ల దారిలో నిలబడకూడదు. ఎవరు ఎవరికి అడ్డమొచ్చారో తేల్చాల్సింది అంపైరే.

నేను దారిలోనే ఉన్నాను. అంతేనా? కబడ్డీలో గీత దాటి పారిపోయేవాళ్లని పట్టుకున్నట్టు, నా చెయ్యి వెళ్లి ఆ పిల్ల మణికట్టు పట్టేసుకుంది. ఒక్క క్షణం... వదిలేశాను. ఆ పిల్ల తూలి, మళ్లీ పరిగెత్తి, ఇంటి బేసుకి రెండడుగుల దూరంలో అవుటైపోయింది.

మా ఊరంతా ఎగిరి గంతేసింది. సుందరరావు మాస్టారి చెయ్యి మాత్రం అప్పటికే నా వైపు చూపిస్తోంది. "అడ్డం నిలబడింది! పరుగు ఇచ్చేస్తున్నాను!"

అంతే, గొడవ! "ఆ పిల్లే వచ్చి మా పిల్లని గుద్దేసిందండీ" అని మా మాస్టారు. "నా చెయ్యి పట్టేసుకుందండీ" అని ఆ పిల్ల ఒకటే ఏడుపు. సుందరరావు మాస్టారు నన్ను పక్కకి పిలిచారు.

"చెయ్యి పట్టుకున్నావా అమ్మా?"

"లేదండి. బంతొస్తుందని నిలబడ్డానండి."

నా మొహంలోకి చూశారు. "ఆయ్, సరేనమ్మా. పట్టుకోకపోయినా అడ్డమే. పరుగు పరుగే" అని ఈల ఊదేశారు. ఓడిపోయాం.

మర్నాడు మా డ్రిల్లు మాస్టారు పైవాళ్లకి అర్జీ రాశారు. అంపైర్ అవతలివాళ్ల బండి మీద వచ్చారనీ, మా ఊళ్లో భోజనం ముట్టలేదనీ, పక్షపాతం చూపించారనీ. జట్టంతా సంతకాలు పెట్టాం. నేనూ పెట్టాను, గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలతో. ఆ తరవాత సుందరరావు మాస్టారిని మళ్లీ ఏ ఆటకీ పిలవలేదు.

ఊరంతటికీ ఆయన ఏం తిన్నాడోనని అనుమానం. నాకు మాత్రం ఆయన చూశాడా లేదా అని... చూస్తే అక్కడే ఎందుకు చెప్పలేదు? ఎప్పుడు చెప్తాడు? హెడ్మాస్టారు పిలిచారంటే చాలు, అయిపోయానే అనుకునేదాన్ని.

ఏడాది తరవాత అమలాపురం బస్టాండ్‌లో ఎదురుపడ్డారు. తప్పించుకుందామంటే దారి లేదు.

"ఆడుతున్నావా ఇంకా?"

"ఆయ్."

"మూడో బేసు దగ్గర కాస్త లోపలికి నిలబడమ్మా. దారిలో ఉంటే చెయ్యి ఊరుకోదు."

అంత మాట అనేసి, బస్సొస్తే ఎక్కేశారు. సిగ్గుతో చచ్చిపోయాను. నా చెయ్యి చూశానన్న మాట ఆ రోజే అనుంటే ఆయన పరువు దక్కేది, నన్ను ఆటలోంచి తీసేసేవారు. క్షమించమని ఓ ఉత్తరం రాద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో... బద్ధకమో, భయమో. ఆయన పోయారని మొన్నీమధ్యే తెలిసింది.

నేనిప్పుడు రాజోలు వైపు ఒక బళ్లో ఆటల టీచర్ని, పోటీలకి అంపైర్నీ నేనే. నేను అడ్డం అని చెయ్యెత్తగానే గట్టు మీదనుంచి పది ఫోన్లు లేస్తాయి. "వీడియో చూడండి మేడమ్" అంటూ మీదికొస్తారు. చూస్తాను. తప్పు నాదైతే ఒప్పేసుకుంటాను. ఆ రోజుల్లో ఫోన్లెక్కడివి... ఆయనకి మా ఊరు నమ్మే సాక్ష్యం నేనొక్కదాన్నే. ఆ సాక్ష్యమే "లేదండి" అంది.

ఆ రోజు గట్టు మీద కూర్చుని ఆట చూసినవాళ్లు ఇది చదువుతుంటే, మీకేం కనపడిందో కింద రాయండి... ఈసారి నేను కాదనను.