బంతి వరస పక్కన వంగ వరస

మొలకెత్తించే దేవునికి స్తోత్రం. మనం విత్తనం మీద మన్ను కప్పి ఇంట్లోకి వచ్చేశాక, మన కంటికి కనబడని చోట పని మొదలుపెట్టే ఆ చేతికి స్తోత్రం. వానకు వేళ, ఎండకు వేళ నియమించి, మనిషి పక్కన మనిషిని కూడా తానే ఎంచి నాటే తండ్రికి మహిమ కలుగును గాక. ఏ సంగతి చెప్పబోయినా ముందు ఆయనను స్తుతించి మొదలుపెట్టడం నాకు నేర్పిన ఒకావిడ గురించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ ఉదయం దొడ్లో కలుపు తీస్తుంటే బంతి కొమ్మ ఒకటి అరచేతిలో నలిగింది. బంతి ఆకు వాసన మీకు తెలిసే ఉంటుంది. పువ్వు వాసనలా మెత్తగా ఉండదు, ముక్కు లోపల ఘాటుగా గుచ్చుకుంటుంది. వంటకు ముందు చేతులు సబ్బుతో కడిగినా పోలేదు. బియ్యం కడుగుతున్నా, పోపు పెడుతున్నా అదే వాసన. కరుణమ్మగారి చేతులు ఎప్పుడూ ఇలాగే ఉండేవి. ఆదివారం మందిరంలో తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే, ఆమేన్ అన్న తర్వాత కూడా ఆ వాసన జుట్టులో నిలిచి ఉండేది.

కరుణమ్మగారు మా సంఘ కాపరి భార్య. కాపరిని మేమంతా అయ్యగారనీ, ఆవిడను అమ్మగారనీ పిలిచేవాళ్లం. నేను మామిడికుదురు దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చేసరికే వాళ్లిద్దరూ మందిరం వెనక రెండు గదుల ఇంట్లో చాలా కాలంగా ఉంటున్నారు. మా అత్తగారు నా పెళ్లికి ముందే ప్రభువును చేరుకున్నారు. మావారు పెళ్లయిన కొన్ని నెలలకే కువైట్ వెళ్లిపోయారు. ఇక ఇంట్లో మిగిలింది నేనూ, మా మామగారు సత్యానందంగారూ. ఆయన సంఘపెద్ద. మాట తక్కువ. వాక్యం దగ్గర మాత్రం వెంట్రుకవాసి కూడా జరగని మనిషి. మా ఇద్దరి మధ్యా పగలల్లా మాట్లాడుకోవడానికి ఉన్నది ఒక్కటే, ఇంటి వెనక దొడ్డి. నీళ్లు పెట్టావా అని ఆయనా, పెట్టానండీ అని నేనూ. ఆ దొడ్డే లేకపోతే నాకు ఆ ఇంట్లో గోడలు తప్ప ఏమీ ఉండేవి కావు.

ఆ దొడ్లో ఒక వంగ మడి ఉండేది. ముళ్ల వంకాయ. అత్తగారు ఉన్న రోజుల నుంచీ ప్రతి కోత పండక్కీ ఆ మడిలోని తొలికాయలే బుట్టలో పెట్టి మామయ్యగారు మందిరానికి మోసుకెళ్లేవారట. కోత పండుగంటే తెలియనివారికి చెబుతాను. వరికోతలు అయ్యాక ఒక ఆదివారం ఎవరి పంటలో మొదటిది వారు తెచ్చి మందిరంలో బల్ల ముందు పెడతారు. కొబ్బరికాయలు, అరటిగెలలు, కోడిపుంజులు, గుమ్మడికాయలు. ఆరాధన అయ్యాక వాటిని వేలంపాట పెడతారు. ఆ డబ్బు మందిరానికి. నేను వచ్చాక ఆ మడి పాడైపోయింది. నారు నాటితే పచ్చబడేది, మోకాలెత్తు రాకముందే వాడిపోయేది. ఏటికేడు అదే వరస.

పంట లేకపోతే కానుక మానేస్తే సరిపోయేది. మామయ్యగారు మానలేదు. ఒక ఏడు అమలాపురం మార్కెట్టులో కాయలు కొని బుట్టలో సర్ది పట్టుకెళ్లారు. అవి నున్నగా గుండ్రంగా నిగనిగలాడుతున్నాయి. పాట మొదలయ్యాక ఆడవాళ్ల వైపు నుంచి రోజమ్మత్త, ఊళ్లో ఎవరినీ వదలని మనిషి, గొంతెత్తి అడిగింది.

"ఏవండీ పెద్దగారూ, మీ వంకాయలకి ఈ ఏడు ముళ్లు రాలిపోయేయాండీ? గుండు చేయించేరా ఏంటి?"

మందిరం మందిరమంతా నవ్వింది. మామయ్యగారు తల వంచుకుని కూర్చున్నారు. మర్నాడు మేస్త్రీని పిలిపించారు. ఊరి బయట గ్యాసు పనులకు వచ్చేవాళ్లు అద్దెగదుల కోసం తిరుగుతున్న రోజులవి. మేస్త్రీ దొడ్లో తాడు పట్టి కొలిచి, సరిగ్గా వంగ మడి మధ్యలో మేకులు దిగ్గొట్టి వెళ్లాడు.

"వచ్చే కోత పండక్కి మన దొడ్లో కాయ మన చేత్తో పెట్టగలిగితే సరే దీవెనా. లేదంటే పండగ వెళ్లగానే గదులు కట్టేద్దాం. చచ్చిన మడికి కాపలా ఎందుకు?" అన్నారు మామయ్యగారు. దీవెన నా పేరు. నేను ఆయ్ అండీ అన్నాను. లోపలికి వెళ్లి ఏడ్చాను.

ఆ వారం స్త్రీల కూడిక అయ్యాక నేను ఇంటికి వెళ్లకుండా నిలబడిపోతే అమ్మగారు చెయ్యి పట్టుకుని తన దొడ్లోకి తీసుకెళ్లారు. నేను అలాంటి దొడ్డి ఎక్కడా చూడలేదు. మా మడులు పలక మీద గీతల్లా ఉండేవి, ఇక్కడ వంగ, అక్కడ బెండ, మధ్యలో గట్టు. ఆవిడ దొడ్లో వంగ మొక్కల సందుల్లో బంతి పూసి ఉంది. టమాటాల కింద కొత్తిమీర. మూలనొక ఆముదం చెట్టు, ఆకులన్నీ జల్లెడలయి ఉంది.

"అయ్యో, ఆముదాన్ని పురుగు తినేస్తోందండీ," అన్నాను.

"తిననీమ్మా. అది అక్కడ తింటంటేనే నా మిరపకి దయ. అందుకే దాన్నక్కడ పెట్టేను," అని నవ్వారు. ఆవిడ పుట్టిల్లు కపిలేశ్వరపురం దగ్గర గోదావరి లంక. వాళ్లమ్మ కూరగాయలు అలాగే కలిపి పెంచేదట.

మర్నాడు మా ఇంటికి వచ్చి, వాడిన వంగ మొక్కనొకదాన్ని పీకి వేళ్లు దులిపి చూపించారు. వేళ్ల నిండా బుడిపెలు, దండకు గుచ్చిన పూసల్లా. "చూసేవా? పైన కాయాల్సింది కింద కాసేస్తంది. ఇది మన్నులో ఉండే పురుగమ్మా, కంటికి ఆనదు. బంతి వేరంటే దానికి గిట్టదు. తొలకరికి బంతి నాటి, అది బాగా వేరు పోసుకున్నాక పక్కనే వంగ పెట్టి చూద్దాం. పూర్తిగా పోద్దని చెప్పను. తగ్గుద్ది."

మామయ్యగారు వరండాలోంచి విన్నారు. లేచి వచ్చారు. "అమ్మగారండీ, మీరు దైవజనుడి ఇల్లాలు. మీకు నేను చెప్పకూడదు. ధర్మశాస్త్రంలో రెండు రకాల విత్తనాలు ఒకే చోట కలిపి వెయ్యొద్దని లేదాండీ? మా దొడ్లో ఇన్నాళ్లూ మడికి మడి వేరు చేసింది అందుకేనండి."

అప్పుడు నాకు తెలిసింది, ఆ గట్లన్నీ ఎందుకో. నేను అది ఆయన పద్ధతి అనుకున్నాను. అది ఆయన భక్తి.

అమ్మగారు ఒక్క క్షణం కూడా ఆగలేదు. "ఆయ్, ఉందండి అన్నయ్యగారూ. ఆ మాట చివరి దాకా చదవండి. దాని పక్కనే బట్టల సంగతి కూడా ఉంది కదండీ. రెండు రకాల నూలు కలిపి నేసింది కట్టుకోవద్దని. మరి మీ ఒంటి మీదున్న చొక్కా ఏం బట్టండీ?"

అది మావారు కువైట్ నుంచి పంపిన టెరికాటన్ చొక్కా, పత్తీ పాలిస్టరూ కలిపి నేసింది. మామయ్యగారు కిందికి, తన గుండీల వంక చూసుకున్నారు. లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు. నాకు నవ్వు ఆగలేదు. అమ్మగారూ నవ్వుతూనే వెళ్లారు.

ఆదివారం వచ్చింది. మామయ్యగారు పెట్టె అడుగు నుంచి తీసిన పాత నేత చొక్కా వేసుకుని, ఇస్త్రీ నిలవని ఆ ముడతలతోనే ముందు వరసలో కూర్చున్నారు. కొడుకు పంపిన చొక్కాలన్నీ అప్పటికే మడతపెట్టి పక్కన పెట్టేశారు. సంగతి ఎలా పొక్కిందో, రోజమ్మత్త వెనక వరసలో పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. మామయ్యగారు మాత్రం వాక్యం తీసి, నిటారుగా కూర్చుని, ప్రతి పాటా పూర్తిగా పాడారు. నేను అమ్మగారి వైపు చూశాను. ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

ఆ మధ్యాహ్నం ఎండలో అమ్మగారు అన్నం కూడా తినకుండా మా ఇంటికి వచ్చారు. వరండా మెట్టు ఎక్కకుండా కిందే నిలబడ్డారు.

"అన్నయ్యగారండీ, ఆ రోజు నేను మాట గెలిచేను. మీ మనసు కష్టపెట్టేను. వాక్యాన్ని నేను రాయిలాగా విసిరేను. క్షమించండి."

మామయ్యగారు గాభరాగా లేచి నిలబడ్డారు. "అయ్యో, అదేంటండీ అమ్మగారూ. మీరు లేనిది చెప్పేరా? తప్పు మీది కాదండి, నా చొక్కాది. రండి, లోపలికి వచ్చి మజ్జిగ పుచ్చుకోండి."

మజ్జిగ తాగి ఆవిడ గ్లాసు కింద పెట్టి, మెల్లిగా అన్నారు, "మడి మీది. మనస్సాక్షి మీది. అది నొచ్చకుండా ఎలా నాటాలో మీరే ప్రార్థన చేసి చెప్పండి. మీరు వద్దంటే బంతి మాట మళ్లీ ఎత్తను."

ఆవిడ వెళ్లాక నాకు కోపం వచ్చింది. గెలిచిన మాటను తిరిగి ఇచ్చేసి వెళ్లిపోయారే, ఇక నా దొడ్డి గతి ఏమిటి అనుకున్నాను. మేస్త్రీ మేకులు మడిలో అలాగే ఉన్నాయి. మామయ్యగారు రోజూ తెల్లవారే ప్రార్థన చేసుకుని ఆ మేకుల మధ్య అటూ ఇటూ తిరిగేవారు. ఒకసారి అయ్యగారు సైకిలు మీద పోతుంటే ఆపి అడిగారు కూడా. "నన్ను లాగకండి సత్యానందంగారూ, మా ఇంట్లో కూడా దొడ్డి ఆవిడదే," అని అయ్యగారు తొక్కుకుంటూ వెళ్లిపోయారు.

చివరికి ఒక ఉదయం మామయ్యగారు నన్ను పిలిచారు. "దీవెనా, ధర్మశాస్త్రం విత్తనం మాట చెప్పింది. విత్తనాలు కలపొద్దు. బంతి నారు అమ్మగారి దొడ్లో పోయించు. వంగ నారు మన దొడ్లో పోద్దాం. మొక్కలయ్యాక దేని వరస దానికి పెడదాం. ఇరుగుపొరుగు ఇళ్లు కలిపేసి కట్టుకోరుగా? పక్కపక్కన కట్టుకుంటారు. అలాగన్నమాట."

ఆ మాట అమ్మగారికి చెప్పడానికి నేను దాదాపు పరుగెత్తాను. నారుమడి వేరుగా పెడితే సరిపోతుందని ఆవిడకు ముందే తెలుసేమో అని నాకు ఇప్పటికీ అనుమానం. అడిగితే, "నాకు తెలిస్తే ఏం లాభం తల్లీ? ఆయనకి తెలియాలి," అన్నారు.

తొలకరి పడ్డాక మామయ్యగారు మేస్త్రీ దిగ్గొట్టిన మేకులను తన చేత్తోనే పీకారు. వాటినే మడి రెండు చివర్లా పాతి, కొబ్బరితాడు బిగించి కట్టి, తాడు వెంట బంతి నాటించారు. వానలు కాస్త తెరిపి ఇచ్చాక తాడును పక్కకు జరిపి, వంగ నారు పెట్టించారు. గట్టు లేదు. వరస మాత్రం చక్కగా ఉంది. అమ్మగారు మోకాళ్ల మీద కూర్చుని మన్ను అదుముతుంటే, ఆయన తాడు పట్టుకుని, "అమ్మగారండీ, ఆ మొక్క కొంచెం గీత దాటిందండి," అనేవారు. "ఆయ్, జరుపుతానండి," అని ఆవిడ నిజంగానే జరిపేవారు.

అద్భుతం జరిగిందని చెప్పను. కొన్ని మొక్కలు అప్పుడూ వాడిపోయాయి. కాయతొలిచే పురుగు వస్తే నేనే చేత్తో ఏరేదాన్ని. మిగిలినవి మాత్రం నిలబడ్డాయి. బంతి విరగబూసింది. దాని నీడ అంచున మొదటి ముళ్ల వంకాయ కనబడిన రోజు మామయ్యగారు దాన్ని ముట్టుకోలేదు. దాని ముందు గొంతుక్కూర్చుని, నేల వంక చూస్తూ, చాలాసేపు ప్రార్థించారు.

కోత పండుగనాడు బుట్ట ఆయనే మోశారు, నేత చొక్కా వేసుకుని. బల్ల ముందు పెట్టేటప్పుడు ముల్లు వేలికి గుచ్చుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆడవాళ్ల వైపు నుంచి రోజమ్మత్త గొంతు వినబడింది. "ఆయ్! ఇవీ పెద్దగారి వంకాయలంటే!" ఈసారి అందరికంటే ముందు నవ్వింది మామయ్యగారు. ఇంటికి వచ్చాక మేస్త్రీకి ఫోన్ చేసి గదులు వద్దని చెప్పారు.

కొన్నేళ్లకు అయ్యగారికి వేరే సంఘానికి బదిలీ అయింది. వెళ్లేముందు అమ్మగారు ఎండిన బంతిపూలు గుడ్డలో మూటకట్టి నా చేతిలో పెట్టారు. ఆ తర్వాత అక్కడే ఆవిడ ప్రభువునందు నిద్రించారు. ఈ ఉదయం నా చేతిలో నలిగిన కొమ్మ ఆ మూటలోని విత్తనానికి ఎన్నో తరానిదో నాకు తెలియదు. ఏటా విత్తనం దాచి, ఏటా వేరే మడిలోనే నారు పోస్తాను. మామయ్యగారు ఇప్పుడు కుర్చీ దిగలేరు. కానీ దొడ్డి గుమ్మంలో కూర్చుని తాడు ఒక కొస ఆయనే పట్టుకుంటారు. రోజూ నేను వాక్యం చదివి వినిపిస్తాను. ఎవరికో తగిలేలా చెప్పాలనిపించే మాట అందులో ఎదురైతే, ముందు నా ఒంటి మీది బట్ట వంక చూసుకుంటాను. గెలిచాననుకున్న మాటను తిరిగి ఇవ్వడానికి మెట్టు కింద నిలబడ్డ అమ్మగారు కళ్లలో మెదులుతారు.

ఇంతవరకూ చదివిన మీరు, ఎక్కడున్నా సరే, కొంచెంసేపు తల వంచి నాతో కలిసి అడగండి. తండ్రీ, కరుణమ్మగారి కోసం నీకు స్తోత్రం. ఒంటరిగా మిగిలిన అయ్యగారిని ఆదరించు. తాడు పట్టుకున్న ఆ ముసలి చేతికి ఈ పంట కూడా చూపించు. మా పక్కన నువ్వు నాటినవారిని మాలా మార్చమని అడగము. వారి పక్కన నిలబడగల వేరు మాకు దయచెయ్యి. ఆమేన్.