గుడిసె ముందు రెండు జతల చెప్పులు

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం లేదు గానీ, జాడ మాయం చేయడంలో నా అంతటివాడు డోర్నకల్ చుట్టుపక్కల లేడని గట్టి నమ్మకం మాత్రం ఉండేది. అడవిలో కాదు లెండి (నిజమైన అడవిలో వదిలితే గంటలో ఏడ్చేవాణ్ణి), మా ఇంట్లో చాప మీద. పెదనాయిన కొడుకు, మా అందరికీ అన్న, హైదరాబాదులో చదువుకుంటూ ఒక ఆట పట్టుకొచ్చాడు. ఆయన కథ చెబుతాడు, అందులో మా పాత్రలు ఏం చేస్తాయో మేం చెప్పాలి, అది కుదిరిందో లేదో పాచికలు తేలుస్తాయి. ఆటలో మా చిన్నక్క వైద్యురాలు, నేను జాడలు చెరిపే అడవిమనిషిని. ఆ వేసవంతా ఆడాం. సోమవారం అన్న ఉద్యోగానికి పుణె వెళ్లిపోతున్నాడు కాబట్టి ఆదివారమే ఆఖరి ఆట. కథలో రాజుగారి వేటగాళ్లు మా అడుగులు పట్టుకుని వస్తున్నారు, చిన్నక్క కాలికి బాణం తగిలింది. తెల్లారేదాకా దాక్కోగలిగితే ఇద్దరం బతికినట్టు, లేకపోతే కథ అక్కడే సమాప్తం.

నా విద్యంతా బయటపెట్టాను. చిన్నక్కను వాగు నీళ్లలో నడిపించాను, కొమ్మతో అడుగులు ఊడ్చాను, వెనకాలే గొర్రెల మందను తోలించాను. పాచికల్లో కూడా అడిగిన అంకెలే పడ్డాయి. చివరికి ఒక ముసలమ్మ గుడిసె తలుపు తీసి మమ్మల్ని రమ్మంది.

"ఇగ చెప్పు, లోపలికి ఎట్ల పోతవ్?" అన్నాడు అన్న.

"ఎట్లేందన్నా, చెప్పులిడిసి పోతం."

అన్న పెన్సిల్ కింద పెట్టేశాడు. "గుడిసె ముంగట రెండు జతల చెప్పులు. వేటగాళ్లకు ఇంకేం గావాల్రా?"

చిన్నక్క నెత్తి కొట్టుకుంది. అన్నకు నిజంగానే జాలేసింది. "జర సోచాయించి ఇంకోసారి చెప్పు. చెప్పులతోనే పోయినమను, ఇడిసిపెడ్త," అన్నాడు. నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి మా అవ్వ గొంతు లేచింది: "పాపం, ముసల్ది ఇంట్లకు రమ్మంటే చెప్పులతోని పోతరా? గిదేనా మీకు నేర్పింది?"

చిన్నక్కే తేల్చేసింది: "ఇడిసే పోయినం తియ్యన్నా." దొరికిపోయాం. ఆట పోయిందనో, అన్న పోతున్నాడనో తెలియదు గానీ, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాను (చిన్నక్క ఈ ముచ్చట ఇప్పటికీ ప్రతి పెళ్లిలో చెబుతుంది).

మొన్న అన్న, ఇప్పుడు మేముంటున్న జనగామ ఇంటికొచ్చాడు. తలుపు తీస్తే బట్టతల, వీపున పెద్ద సంచి, చేతిలో చెప్పుల జత.

"బయటిడిస్తే జాడ దొరుకుతది తమ్మీ," అన్నాడు.

అవి అందుకుని గడప బయట నా చెప్పుల పక్కనే పెట్టాను, మెట్లెక్కి వచ్చే ప్రతివాడికీ కనబడేలా. "దొరకనీ అన్నా," అన్నాను. జాడలు చెరిపే అడవిమనిషి అలా అన్నాడంటే పెద్దవాడైనట్టే.