మైదానం ఖాళీ

లింగంపల్లి స్టేషన్లో దిగేసరికి పొద్దున ఆరు. డెబ్బైల మొదట్లో మాట. భుజాన ట్రంకుపెట్టె, చంకలో పరుపుచుట్ట. నల్లగండ్ల వైపు బండల మధ్య మా ఫైరింగ్ రేంజి, అంటే జవాన్లు తుపాకీ గురి నేర్చుకునే మైదానం. నా పని చిన్నది. ఎర్రజెండా ఎగరేయాలి, బండెక్కి చుట్టూ చూడాలి, మనిషి గానీ పశువు గానీ లేకపోతే ఫోన్లో "మైదానం ఖాళీ" అని చెప్పాలి. నేను ఆ మాట అనకుండా ఒక్క తూటా పేలకూడదు.

రెండో వారమే మాస్టారు తగిలారు. ముప్పై ఏళ్లు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పిన మనిషి. యుద్ధాలు వద్దని పుస్తకాలు రాశారు, ఊరూరా తిరిగి చెప్పారు. ఆ వయసులో, ఫైరింగ్ ఉన్న ప్రతిరోజూ తూటాలు దిగే గురిదిబ్బ పక్క బండమీద నల్లగొడుగు వేసుకుని చదువుకుంటూ కూర్చునేవారు. ఆయన అక్కడుంటే ఫైరింగ్ ఆగాలి. అదీ ఆయన ఉద్యమం.

"లేవండి సార్, నా నౌకరీ పోతది," అనేవాణ్ణి.

"మీ మీద కోపం కాదండీ. ఒక్క గంట పేలకుండా ఉంటే చాలు, నేనే వెళ్లిపోతాను," అనేవారు. తన డబ్బాలోంచి అటుకులు పెట్టేవారు. తినేవాణ్ణి.

ఆ గంటకి తిట్లు మాత్రం నాకు. ఓ బుధవారం ఏడుంపావుకి హవల్దార్ ఫోన్లో అరిచాడు. "ఏందిర, కావలి మాకున్నవా, ఆ ముసలాయనకా? జర జల్ది చెప్పు!"

గొడుగు నాకు కనిపిస్తూనే ఉంది. నాకు ఒళ్లు మండింది. ఒక్కసారి హడలిపోతే మళ్లీ రారనుకున్నాను.

"మైదానం ఖాళీ," అన్నాను.

మూడో తూటాకి బండ పెచ్చు లేచి ఆయన ఎడమకంట్లో దిగింది.

దవాఖానకు విచారణ అధికారి వచ్చాడు. తలకు కట్టుతోనే మాస్టారు చెప్పారు. "ఈ అబ్బాయి పైకెక్కి పిలిచాడండీ. నేనే బండ వెనక దాక్కున్నాను." ఆయన నోట నేను విన్న అబద్ధం అదొక్కటే. అధికారి రాసుకున్న ఆ కాగితం కింద నేనూ సంతకం పెట్టాను. ఆయన కన్ను పోయింది, నా నౌకరీ నిలిచింది.

పదిహేనేళ్ల సర్వీసు ముగించి, మంచి నడవడిక కాగితంతో ఇంటికొచ్చాను. ఊళ్లో దండ వేశారు. సిగ్గుతో చచ్చిపోయాను. యుద్ధం కబుర్లు చెప్పమని మీరంతా అడుగుతారు. నా దగ్గరున్నది ఇదొక్కటే.

ఆ రోజు ఫోన్ పెట్టేసి అటు చూశాను. ఆయనా నన్ను చూశారు. నేను చూశాను కాబట్టి ఇక తుపాకులు పేలవనుకున్నారు. చెయ్యెత్తి పలకరించి, మళ్లీ పుస్తకంలోకి తల దించారు.