మామగారికి గాలి పెంచిన మధ్యాహ్నం

సైకిల్ ట్యూబులో గాలి ఎక్కువైతే ఏమవుతుందో అందరికీ తెలుసు. పిల్లనిచ్చిన మామలో గాలి ఎక్కువైతే ఏమవుతుందో తెలిసినవాణ్ణి మాత్రం మా జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే అనుకుంటాను. ఈ జ్ఞానం నాకు ఒక్క మధ్యాహ్నంలో అబ్బింది. ఆ మధ్యాహ్నం నా ఆయుష్షులో ఎంత తినేసిందో చెప్పలేను. ఇది చదివాక మీరు నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోండి. మా ఆవిడకు మాత్రం చెప్పకండి. ఆమె పుస్తకాలు చదవదన్న ధైర్యంతోనే రాస్తున్నాను.

అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల గుంటలు చేస్తున్నాను. ఈ పనిలో మొదటి పాఠం గాలి. నీళ్ళలో గాలి తగ్గితే రొయ్య పైకి తేలుతుంది. ఇంకాస్త తగ్గితే వెల్లకిలా తేలుతుంది, అప్పుడు మనమూ వెల్లకిలా పడుకోవడమే. అందుకని గుంటల్లో ఏరియేటర్లు పెడతాం, అంటే నీళ్ళను చిలికి గాలి కలిపే చక్రాలు. ఎండ బాగా కాస్తే తక్కువ తిప్పాలి, మబ్బు పడితే ఎక్కువ తిప్పాలి. ఈ ఒక్క సంగతి ఒంటబట్టేసరికి లోకంలో గాలికి సంబంధించినదంతా నాకు తెలుసన్న పొగరు పట్టుకుంది. ఇంట్లో ఫ్యాను సరిగా తిరగకపోయినా, స్టవ్ మంట ఎర్రగా వచ్చినా, నేను చూసేదాకా ఎవరినీ ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. నేను చూశాక ఎటూ కొత్తది కొనాల్సి వచ్చేది.

మా మామగారిది కోవూరు. వరి రైతు, భారీ మనిషి. ఆయన గురక మొదలెడితే పక్కింటివాళ్ళు టీవీ సౌండు పెంచుకునేవారు. గురకతో వచ్చిన చిక్కేమీ లేదు, అది ఆగినప్పుడే చిక్కంతా. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగేది. కాసేపటికి ఉలిక్కిపడి మళ్ళీ అందుకునేవారు. నెల్లూరు డాక్టరుగారు ఆయన్ని ఒక రాత్రి ఒంటినిండా వైర్లతో పడుకోబెట్టి, ఎంత గాలి ఊదితే ఆ గొంతు తెరుచుకుని ఉంటుందో లెక్కగట్టి, ఒక చిన్న మిషను ఇచ్చారు. దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకు మాస్కు. పగటి కునుక్కి కూడా అది పెట్టుకోవాలనీ, మీటలు ఎవరూ ముట్టుకోకూడదనీ చెప్పారట. డాక్టరుగారు ఆ మాట చెప్పినప్పుడు నేనక్కడ లేను. ఉన్నా వినేవాణ్ణి కాదు లెండి.

అత్తగారూ మామగారూ మా ఇంటికి వచ్చి ఉన్న రోజుల్లోనే బిట్రగుంటలో బంధువుల ఇంట సీమంతం వచ్చిపడింది. ఆడవాళ్ళిద్దరూ బయల్దేరారు. మామగారు రానన్నారు. ఆటో ఎక్కబోతూ మా ఆవిడ సుజాత వెనక్కి వచ్చింది.

"మా నాయన్ని నీ మీద వదిలిపెట్టి పోతుండా. అన్నం తిన్నాక పడుకుంటాడు. మాస్కు పెట్టి స్విచ్చి వెయ్యి. ఇంకేం చెయ్యబాక."

"రోజూ లక్షల రొయ్యలకి గాలి పెట్టేవాణ్ణి, ఒక్క మనిషికి పెట్టలేనా?"

"నువ్వు ఆ మాట అంటావనే నాకు భయం."

మధ్యాహ్నం సుజాత వండిపెట్టిన రొయ్యల కూరతో మామా అల్లుళ్ళం కడుపారా తిన్నాం. మామగారు మంచమెక్కారు. మాస్కు పెట్టాను, స్విచ్చి వేశాను. ఇక్కడితో లేచి గుంటల దగ్గరికి వెళ్ళి ఉంటే నేనూ నలుగురిలాంటి మంచి అల్లుణ్ణే.

"బాగుండాదా మామా?"

"గాలి చాల్లేదబ్బయా."

ఆ మిషను నిద్రపట్టేదాకా మెల్లగా ఊది, తర్వాత తనంతట తనే పెంచుకుంటుందని నాకు ఆ సాయంత్రం తెలిసింది. కాస్త ఓపిక పడితే సరిపోయేది. నేను ఓపిక పట్టకుండా కిటికీలోంచి చూశాను. సముద్రం వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. తిరిగి మామగారిని చూశాను. గడ్డం పైకెత్తి, నోరు కొంచెం తెరిచి, అచ్చం మబ్బు రోజున గట్టు పక్కకు చేరి తేలే నా రొయ్యలాగే ఉన్నారు.

"మబ్బు పట్టింది మామా. గాలి పెంచాల."

"డాక్టరు ముట్టుకోబాకండి అన్నాడే."

"డాక్టరు ఆడ నెల్లూర్లో కూర్చోనుండాడు. మనం సముద్రం పక్కన ఉండాం. ఆడ గాలి వేరు, ఈడ గాలి వేరు."

పాపం, ఆయన నమ్మారు. అంత ధీమాగా చెబితే మీరైనా నమ్మేవారు.

రెండు మీటలు ఒకేసారి నొక్కి పట్టుకుంటే లోపలి సెట్టింగులు తెరుచుకుంటాయని ఫోనులో ఒక వీడియోలో ఎవరో చూపించగా చూశాను. నొక్కి పట్టాను, తెరుచుకుంది. ఏదో నంబరు కనిపించింది. అదెంతో చూసుకోకుండానే పెంచే మీట నొక్కాను.

"ఇప్పుడెట్టుండాది?"

"ఆ, వస్తుండాది."

"ఇంకొంచెం పెట్టేదా?"

"పెట్టు."

భోజనాల బంతిలో కూర్చున్నవాడికి సాంబారు వడ్డించినట్టు అడిగి అడిగి పెట్టాను. మామగారు తృప్తిగా కళ్ళు మూసుకున్నారు. నేను మీసం సవరించుకున్నాను.

కొంతసేపటికి మాస్కు అంచులోంచి సన్నగా ఈల మొదలైంది. తర్వాత బుగ్గలు అదరసాగాయి. తర్వాత పొట్ట లేచింది. ఆయనది మొదట్నుంచీ పెద్ద పొట్టే కాబట్టి ముందు నేను పట్టించుకోలేదు. కానీ బనియను పైకి జరిగి బొడ్డు కనిపించేసరికి నాకు సంగతి అర్థమైంది. గాలి ఊపిరితిత్తులకు పోవాల్సింది పోయి కడుపులోకి పోతోంది.

గబగబా తగ్గించాను. ఎంతకు తగ్గించాలి? మొదట ఎంత ఉందో నాకు తెలియదని అప్పుడు తట్టింది.

తోచినంత తగ్గించాను. గురక మొదలైంది. జన్మలో మొదటిసారి ఆ గురక నా చెవికి ఇంపుగా వినిపించింది. అంతలో అది ఠక్కున ఆగిపోయింది. మామగారి ఛాతీ కదలడం లేదు. ఏ మీట నొక్కాలో నాకు తెలియడం లేదు.

"తల్లీ, జొన్నవాడ కామాక్షమ్మా, మా మామ ఊపిరి తీసుకుంటే నీకు గుండు ఇచ్చుకుంటా."

ఘర్రుమని ఊపిరి వచ్చింది. అమ్మవారికి దండం పెట్టి గాలి పెంచాను. ఈల, బుగ్గలు, పొట్ట. తగ్గించాను. గురక, నిశ్శబ్దం, కామాక్షమ్మ. పెంచాను. ఇలా ఎంతసేపు గడిచిందో తెలియదు. మనిషిని తట్టి లేపి మాస్కు తీసేస్తే పోయేది కదా అని మీరంటారు. నాకూ తట్టింది. కానీ లేపితే ఏమైందని అడుగుతారు, అడిగితే చెప్పాలి, చెబితే సుజాతకు తెలుస్తుంది. చూశారా, మామగారి ప్రాణం ఒకవైపు, నా పరువు ఒకవైపు పెట్టుకుని నేను ఆలోచిస్తున్నాను.

నవ్వులాట పక్కన పెట్టి చెబుతున్నాను, అంత భయం నాకు మళ్ళీ ఎప్పుడూ వేయలేదు. మా నాయన పోయాక నన్ను 'అబ్బయా' అని పిలిచే మనిషి లోకంలో ఆయనొక్కరే.

ఆ సమయానికి ఫోను మోగింది. సుజాత.

"నాయన ఏం చేస్తుండాడు?"

"నిద్రపోతుండాడు."

"గాలి సరింగా వస్తుండాదా?"

"ఫుల్లుగా వస్తుండాది."

"నీ గొంతేంది అట్టుండాది?"

"కూర కారమయింది."

ఫోను పెట్టేసి, మిషను మీద అతికించిన కాగితంలోని నంబరుకు చేశాను. మిషను అమ్మిన షాపు కుర్రాడు ఎత్తాడు. మామగారి పేరు, మా ఇంటి అడ్రసు, జరిగిన సంగతి అన్నీ చెప్పాను, నా పేరు తప్ప.

"అదెట్టా మారింది సార్?"

"పిల్లి తొక్కింది."



"ఆ సెట్టింగు తెరవాలంటే రెండు మీటలు ఒకేసారి నొక్కి పట్టుకోవాల సార్. మీ పిల్లి బాగా చదువుకునుండాదే."

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ముందు ఆయన్ని లేపి మాస్కు తీసెయ్యండి. మళ్ళీ నిద్రపోనియ్యబాకండి. డాక్టరుగారి దగ్గర అసలు నంబరు కనుక్కోని సాయంత్రానికి నేనే వచ్చి పెడతా. పిల్లిని మాత్రం ఆ మిషను దగ్గరికి రానియ్యబాకండి సార్."

మామగారిని లేపాను. ఆయన మెల్లగా లేచి కూర్చుని, కడుపు నిమురుకుని, ఒక త్రేన్పు తీశారు. అలాంటి త్రేన్పు నేను విని ఎరగను. వసారాలో పడుకున్న కుక్క లేచి వీధిలోకి పోయింది. ఆ తర్వాత చిన్నవి వస్తూనే ఉన్నాయి.

"రొయ్యలు పడలే అబ్బయా."

"అవును మామా, రొయ్యలే," అన్నాను నేను. నా గుంటలో పెరిగిన రొయ్యల మీదే నింద వేసిన నీచుణ్ణి. చీకటి పడేలోపు ఆయన పొట్ట మామూలు పొట్ట అయింది.

సుజాతా అత్తగారూ ఇలా వచ్చారో లేదో, అలా షాపు కుర్రాడు బ్యాగు తగిలించుకుని దిగాడు. చెప్పులు విడుస్తూనే అడిగాడు.

"ఏది సార్, ఆ పిల్లి?"

సుజాత నావైపు చూసింది. "పిల్లేంది? మనింట్లో పిల్లి ఎక్కడుండాది?"

నేను గోడకేసి చూస్తున్నాను. భూమి చీలితే దూకుదామని ఎదురుచూస్తున్నాను. అప్పుడు మంచం మీంచి మామగారి గొంతు వినిపించింది.

"ఉండాది లేమ్మా. కిటికీలోంచి వచ్చింది. మిషను మీద ఒకటే తొక్కుడు. నేను కళ్ళారా చూసినా."

కుర్రాడు పెదవి బిగబట్టి నంబరు సరిచేసి వెళ్ళిపోయాడు. సుజాత కిటికీకి వల కొట్టించాలంది. నేను వసారాలోకి తప్పించుకున్నాను. కాసేపటికి మామగారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"మామా, మీకు తెలుసా?"

"ఊపిరి ఆగినప్పుడల్లా మెలకువ రాదా అబ్బయా? నాకు వచ్చే జబ్బే అది గదా."

"మరి ఒక్క మాట అనుంటే నేను ఆపేవాణ్ణి గదా."

"మాట్లాడేదానికి గాలి ఎక్కడ సందిచ్చింది? పైగా నువ్వు నా కోసం అట్టా ఏడస్తా మొక్కతా ఉంటే ఆపబుద్ధి కాలే. నా బిడ్డ కూడా నాకోసం అంత మొక్కలే." ఒక త్రేన్పు తీసి నా తల వైపు చూశారు. అప్పట్లో నాకున్న ఒకే ఒక్క అందం నా క్రాపు. "అయినా అమ్మవారితో ఆటలు కూడదు. నేను విన్నంత మటుకే నాలుగు గుండ్లు మొక్కినావు."

"నాలుగు ఒకేసారి ఇచ్చేస్తా మామా."

"ఒకే జుట్టు నాలుగు లెక్కలకి ఎట్టా వస్తుంది అబ్బయా? పెరిగినప్పుడల్లా ఇచ్చుకో."

మొదటి గుండుకి కుటుంబమంతా జొన్నవాడ వచ్చింది. మామ ఆరోగ్యం కోసం అల్లుడు తలనీలాలు ఇచ్చాడని అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. సుజాత ఆ రోజంతా నన్ను వదిలి కదల్లేదు. చుట్టాల్లో మిగతా అల్లుళ్ళు నాతో మాట్లాడటం మానేశారు. రెండో గుండుకి సుజాతకు అనుమానం వచ్చింది. "మళ్ళీ ఎందుకు?" అని నిలదీసింది. మామగారు నున్నటి నా తల నిమురుతూ, "వద్దనబాకమ్మా, వాడి భక్తి వాడిది," అన్నారు. ఇంకా రెండు బాకీ ఉన్నాయి.

అందుచేత, సమస్త అల్లుళ్ళ సమక్షంలో, సగం పెరిగిన ఈ జుట్టు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఒక మనిషి ఊపిరికి డాక్టరు పెట్టిన లెక్కను, మబ్బు పట్టినా, వాన కురిసినా, సముద్రం ఇంట్లోకి వచ్చినా, నేను ముట్టుకోను. ఒకవేళ చెయ్యి ఊరుకోక ముట్టుకున్నా, ఆ తర్వాత ఏ దేవుడికి మొక్కినా, కొబ్బరికాయ దాటి మాత్రం పోను.