మార్చి దాకా ఎల్లవ్వ ఇల్లు

సిరిసిల్లలో ఎల్లవ్వ ఇంటి పన్ను కట్టే తీరే వేరు. వాడకట్టులో వాళ్లింకా బిల్లు కోసం ఎదురుచూస్తుండగానే, ఏప్రిల్ మొదట్లోనే బీడీల చాట పక్కన పెట్టి, పైసలు కొంగున ముడేసుకుని మున్సిపల్ ఆఫీసుకు బయల్దేరేది. ముందే కడితే కాస్త తగ్గిస్తారన్నది పైకి చెప్పే మాట. అసలు సంగతి వేరే. కౌంటర్లో ఉన్నతను ఇల్లెవరిదని అడగాలి, నాదేనని ఈమె చెప్పాలి. మొగుడు పోయాక, పిల్లాజెల్లా లేని మనిషి, బీడీలు చుట్టి చుట్టి లేపిన రెండు గదులవి. ఆ మాత్రం మురిసిపోతే తప్పేముంది?

ముందు గదిలో మధు, ఊర్మిల కిరాయికి ఉండేవాళ్లు. మధు సాంచెల మీద బట్ట నేసేవాడు. కిరాయిదార్లన్న సంగతి వాళ్లూ మరిచిపోయారు, ఆమే మరిచిపోయింది. కోరుట్లలో చెల్లెలు చిన్నవ్వకు పక్షవాతం వచ్చింది. మందులకు పైసలూ కావాలి, మంచం దగ్గర మనిషీ కావాలి. ఇల్లు అమ్మక తప్పదనుకున్నాక ఎల్లవ్వ బయట బేరం పెట్టనే లేదు. అప్పో సప్పో చేసి వాళ్లే కొనుక్కున్నారు.

దసరా దాటాక రిజిస్ట్రేషన్ అయింది. దస్తావేజులు రాసే ఆయన ఒక మాట గుర్తుచేశాడు. మార్చి దాకా పన్ను ఎల్లవ్వే కట్టేసింది, ఇల్లేమో ఏడాది సగంలో చేతులు మారింది, కాబట్టి మిగతా సగం మధు ఆమెకు తిరిగివ్వాలి. న్యాయమైన మాటే. మధు వెంటనే నోట్లు తీశాడు. ఎల్లవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది.

బేరమప్పుడు రూపాయి దగ్గర కూడా గట్టిగా నిలబడ్డ మనిషి ఇప్పుడిట్లా వద్దంటే మధుకు మనసు చివుక్కుమంది. లేనివాళ్లమని జాలిపడుతోందనుకున్నాడు. ఎవరి సొమ్మూ ఉంచుకునే అలవాటు తనకు లేదని కాస్త కటువుగానే అన్నాడు.

ఎల్లవ్వ రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల మీద కూలబడి ఊర్మిల వైపు చూసింది.

"జాలి గాదు బిడ్డా. గా పైసలు తీసుకుంటే ఇయ్యాల్టి సంది నాకు ఇల్లు లేనట్టే. పన్ను నేను కట్టిన గద. మార్చి దాంక నాదే అనుకోనియ్యుండ్రి."

అట్లాంటి కానూనేదీ లేదని రాసే ఆయన చెప్పబోయాడు. ఊర్మిల ఆయన్ని ఆగమని, మధు చేతిలోని నోట్లు మళ్లీ అతని జేబులోనే పెట్టేసింది.

కోరుట్లలో చెల్లెలి నోటికి గంజి అందిస్తూ ఎల్లవ్వ రోజులు గడిపింది. చలికాలంలో ఓసారి సిరిసిల్ల వెళ్లి, నేరుగా వంటింట్లోకి నడిచి చాయ్ పెట్టుకుంది. ఉప్పు డబ్బా చోటు మార్చినందుకు ఊర్మిలను కోప్పడింది కూడా. మార్చి దగ్గరపడేకొద్దీ గుబులు మొదలైంది. ఉగాదికి రమ్మంటే పోలేదు. ఏప్రిల్ వచ్చాక, ఇక ఏ హక్కుతో పలకరించాలో తెలియక ఫోన్ చేయడమే మానేసింది.

ఊర్మిలే చేసింది. మధు పొద్దున్నే పోయి ఇంటి పన్ను కట్టొచ్చాడని చెప్పింది.  ఎల్లవ్వ మంచిది బిడ్డా అని మాత్రం అనగలిగింది.

"మంచిదంటే సరిపోదు పెద్దమ్మా. దాంట్ల సగం నీది. నువ్వే అచ్చి ఇయ్యాలె."

ఎల్లవ్వకు దుఃఖం, సంతోషం ఒక్కసారే పొంగుకొచ్చాయి. అక్క ఏడుస్తుంటే చిన్నవ్వ బెదిరిపోయి, ఏమైందని తడబడే మాటలతో అడిగింది.

"ఏం లేదే," అంది ఎల్లవ్వ కొంగుతో మొహం తుడుచుకుంటూ, "ఇంటి పన్ను కట్టాలె. సిరిసిల్ల పోయస్త."