దినాల నాడు నేనన్న విలన్

ఒక మనిషిని రెండోసారి చంపడం ఎలాగో నాకు తెలుసు. మొదటిసారి ఆయన గుండె ఆగి పోయాడు, అందులో నా ప్రమేయం లేదు. రెండోసారి మాత్రం నిండు సభలో, మైకులో, నా నోటి మీదుగా పోయాడు. చెబుతాను, మీరు నవ్వుకోండి. నేనైతే ఇప్పటికీ ఆ ఊరి బస్సు ఎదురైతే ముఖం తిప్పుకుంటాను.

అప్పుడు నేను లక్సెట్టిపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. కొత్త ఉద్యోగం, కొత్త కళ్ళద్దాలు. వాటికి తోడు, ఇంగ్లీషు మాటల పాత అర్థాలు చెప్పే లావుపాటి నిఘంటువు ఒకటి చేతికి దొరికింది. కొత్తగా స్కూటర్ నేర్చినవాడు పాల ప్యాకెట్టుకు కూడా బండి తీసినట్టు, ప్రతి మాటకూ దాని తాతముత్తాతల చరిత్ర చెప్పనిదే ఎవరినీ వదిలేవాణ్ణి కాదు. "టీ నైస్" అన్న ప్రిన్సిపాల్‌కు, నైస్ అంటే ఒకప్పుడు తెలివితక్కువ అని అర్థమని వివరించాను. ఆయన మళ్ళీ నాతో టీ తాగలేదు.

ఆ రోజుల్లోనే పక్క ఊళ్ళో రాజన్న పెద్దబాపు చనిపోయాడు. నా చిన్ననాటి స్నేహితుడు మల్లేశ్ తండ్రి. దొర దగ్గర జీతగాడిగా మొదలై, కష్టపడి సొంత పొలం చేసుకున్న రైతు. దుబాయి నుంచి వచ్చిన మల్లేశ్ దినాల నాడు ఇంటి ముందు షామియానా వేయించి, ఏడ్చి ఉబ్బిన కళ్ళతో నా దగ్గరికి వచ్చాడు.

"అరేయ్, నువ్వు ఇంగ్లీష్ సారువు. బాపు గురించి జర రెండు ముక్కలు మంచిగ మాట్లాడురా. ఆడ దుబాయిల మా రూమోళ్లంత ఫోన్ల చూస్తుండ్రు."

"ఫికర్ జేయకు. ఊరంత యాదుంచుకునేటట్టు మాట్లాడుత" అన్నాను. ఆ మాట నిలబెట్టుకున్నాను కూడా.

మబ్బు పట్టి, గాలి ఆడని రోజు. ఆడవాళ్ళ మధ్య రాజన్న భార్య లస్మవ్వ గోడకు ఆనుకొని, ఎవరివైపూ చూడకుండా కూర్చుంది. ముందు వరుసలో రాజన్న తమ్ముడు పోశన్న. పొలం గెట్టు దగ్గర మొదలైన తగాదాతో అన్నదమ్ములకు ఏళ్ళుగా మాటల్లేవు.

నా ఎత్తుగడ ఇదీ. విలన్ అనే మాట పుట్టినప్పుడు తిట్టు కాదు. పాతకాలపు ఇంగ్లండులో దొర భూమికి కట్టుబడి పనిచేసే బీద రైతును అలా పిలిచేవారు. ఆ బీదవాడి మీద దొరలకున్న చిన్నచూపు మాటకు కూడా అంటుకుని, పోనుపోను దుర్మార్గుడనే అర్థం మిగిలింది. రాజన్నకు ఇంతకన్నా తగిన మాట ఉందా? ముందు ఆ మాట అనాలి, జనం ఉలిక్కిపడాలి. తర్వాత అర్థం విప్పాలి, అందరి కళ్ళూ చెమర్చాలి.

మైకు అందుకున్నాను. "రాజన్న పెద్దబాపు ఎవరు? ఒక విలన్! అసలు సిసలైన విలన్!"

అని ఆగాను. గొప్ప మాట తర్వాత కాస్త ఆగాలని ఎక్కడో విన్నాను. ఎంతసేపు ఆగాలో వినలేదు. పిండం కోసం వచ్చిన కాకులు కూడా అరుపు ఆపేశాయి.

"ఏమన్నవురా?" మల్లేశ్ లేచాడు.

"ఆగురా, దాని అర్థం జెప్తున్న."

"సచ్చిపోయిన మా బాపును విలన్ అని, ఇంకా అర్థం గూడ జెప్తవా?" అంటుండగానే అతని చూపు ముందు వరుస మీద పడింది. "కాకా! గెట్టు పంచాది మనసుల వెట్టుకొని నువ్వే గిట్ల జెప్పిచ్చినవ్ గదా?"

పోశన్న లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. "నేను జెప్పిచ్చిన్నా? మా అన్నను తిడితే నేనే తిట్టాలె. బయటోడు తిడితే ఊకుంటనా?" అని చెప్పు తీసి నా మీదికి వచ్చాడు.

ఆ చెప్పు చూడగానే నా బుర్ర ఆగిపోయి నిఘంటువు ఒక్కటే పనిచేసింది. "కోపం జేయకుండ్రి! పెద్దబాపు విలనే గాదు, సిల్లీ మనిషి గూడ!"

సిల్లీ అంటే ఒకప్పుడు ధన్యుడని అర్థం. ఆ సంగతి షామియానా కింద ఒక్కడికే తెలుసు. వాడి కాలర్ అప్పటికే మల్లేశ్ పిడికిట్లో ఉంది. మైకు ఆన్‌లోనే ఉంది. ఫోనులోంచి దుబాయి రూము మొత్తం "గుద్దురా, గుద్దు" అని అరుస్తోంది. వంటవాళ్ళు గరిటెలతో సహా వచ్చేశారు.

"ఇడువుండ్రి వాన్ని."

లస్మవ్వ. భర్త పోయినప్పటి నుంచి ఆమె నోరు విప్పడం అదే మొదలట. అందరూ ఆగిపోయారు. మెల్లగా నా దగ్గరికి వచ్చి ముఖంలోకి చూసింది.

"ఏమంటివి బిడ్డా? ఇంకోపారి జెప్పు."

కాలర్ ఇంకా మల్లేశ్ పిడికిట్లో ఉండగానే చెప్పాను. "పాతకాలంల దొరల భూమిల కష్టం జేసేటోన్ని గట్ల పిలుస్తుండ్రి పెద్దవ్వా. తిట్టు గాదు. దొరలే దాన్ని తిట్టు జేసిండ్రు."

చివరిదాకా విన్నది.

"గంతేనా?" అన్నది. గొంతులో కోపం లేదు, ఆశపడి భంగపడినట్టు ఉంది. "నేను ఇంకోటనుకున్న. ఊరందరికి ఆయన మంచోడే. తలుపేసినంక ఎట్లుంటుండెనో నాకొక్కదానికే ఎరుక. ఇన్నేండ్లకు ఆ మాట అనేటోడు ఒక్కడన్న వచ్చిండనుకున్న బిడ్డా."

వెళ్ళి మళ్ళీ గోడకు ఆనుకుంది. "కూసోండ్రి. అన్నం సల్లారుతుంది."

మల్లేశ్ నా కాలర్ వదిలి, తల వంచుకొని తల్లి పక్కన కూలబడ్డాడు. పోశన్న చెప్పు కింద పడేసి, కాలు దూర్చడం మరిచి నిలబడిపోయాడు. ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు. పాత అర్థంలో నిజం చెబుదామని పోయి, కొత్త అర్థంలో నిజం చెప్పి వచ్చాను.

కాబట్టి పెద్దలందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ చావింట్లోనూ మైకు ముట్టను. పోయినవారిని ఇంగ్లీషులోనే కాదు, తెలుగులో కూడా పొగడను. అన్నం తినడానికి తప్ప నోరు తెరవను. అప్పుడు కూడా, కూర ఎంత చప్పగా ఉన్నా సరే, ఉప్పు అడగను.