మేక తినేసిన పేజీ

ఆ రోజుల్లో మా వైపు తల్లిదండ్రులు పిల్లల్ని బడికి తోలేవారు, మిగతాది సార్ చూసుకోవాలి. మా అమ్మ మాత్రం ఆ పద్ధతి ఒప్పుకోలేదు. ఎనిమిది మందిని కన్నది, తనకు ఒక్క అక్షరం రాదు, అయినా మా చదువులన్నీ రోజూ తన చెవులతో విని తీరాల్సిందే. టేకులపల్లి అవతల అడవి అంచున మా ఊరు. ఎండాకాలం తెల్లవారగానే తునికాకు కోతకు పోయి, పొద్దెక్కేసరికి మూటలతో వచ్చి, పందిరి కింద కూర్చుని యాభై ఆకులకొక కట్ట కట్టేవాళ్ళం. (బీడీలకు పోయే ఆకు అది.) అక్కడే అమ్మ చట్టం అమలయ్యేది. ఒకరు పుస్తకం గట్టిగా చదవాలి, మిగతావాళ్ళు వింటూ కట్టలు కట్టాలి. చదివేవాళ్ళకు, చదివినంతసేపు ఆకు పని మాఫీ.

ఆ మాఫీ కోసమే నేను గొప్ప చదువరినయ్యాను. నేను ఆరోవాణ్ణి. ముందు ఐదుగురు చదివిన మూడో తరగతి తెలుగు పుస్తకమే, నాన్న సిమెంటు సంచి కాగితంతో అట్ట వేసివ్వగా, నా చేతికొచ్చింది. ఐదుగురి నోటా విన్న పాఠాలన్నీ నాకు కంఠతా వచ్చు. ఇక అక్షరాలు నేర్చుకోవలసిన అవసరమేముంది? పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని, మధ్యమధ్య పేజీ తిప్పుతూ (అది మరిచిపోకూడదు) గడగడా అప్పజెప్పేవాణ్ణి. "మా ఇంట్ల వీడే హుషారు" అని అమ్మ పక్కింటి వాళ్ళకు చెబుతుంటే, ఆకులు కడుతున్న చిన్నన్న పళ్ళు కొరికేవాడు.

మే నెలాఖరులో సార్ పిల్లల పేర్లు రాసుకోవడానికి వచ్చి మా పందిరి కింద కూర్చున్నారు. "వీడికి అక్షరాలు రాలేదమ్మా. ఇంకో ఏడాది మూడులోనే కూర్చోబెడతా" అన్నారు నన్ను చూపించి. మళ్ళీ మూడా? జూన్‌లో మూడుకు వచ్చేది మా చెల్లి!

"గట్లంటరేంది సార్! మావోడు సదువుతుంటే ఇనాలె మీరు. ఏయ్, పుస్తకం తేరా జల్దీ" అంది అమ్మ.

తెచ్చాను. ఏనుగు వాగు దాటిన పాఠం ఎత్తుకున్నాను. సార్ కనుబొమ్మలు పైకి లేచాయి, అమ్మ గర్వంగా అందరి వైపూ చూసింది. ఏనుగు వాగులో దిగి తొండంతో నీళ్ళు చిమ్మే చోట నేను మంచి ఊపు మీదున్నాను.

"ఆగురా" అంది అమ్మ. "ఏనుగు బొమ్మున్న పేజీ పోయిన వారం మేక తిన్నది గద. నేనే దాని నోట్లకెల్లి సగం ముక్క గుంజిన. నువ్వేడ చూసి సదువుతున్నవ్?"

పుస్తకంలోకి చూశాను. (బహుశా అదే మొదటిసారి.) ఏనుగు లేదు, వాగూ లేదు.

"మేక తినకముందు సదివి పెట్టుకున్న" అన్నాను.

"మా మేకే నయం సార్, పుస్తకం మొకమన్న చూసింది" అన్నాడు చిన్నన్న. సార్ నవ్వు ఆపుకోలేక కండువాలో ముఖం దాచుకున్నారు. అమ్మ ఒక్కతే నవ్వలేదు. సార్ వెళ్ళిపోయాక తన్నులు తప్పవనుకున్నాను. ఆమె మెల్లగా వచ్చి నా పక్కన కూలబడింది.

"ఐదుగురు సదువంగ ఇన్న. నాకు గూడ ఆ పాఠమంత నోటికొస్తదిరా. మరి నాకు సదువొచ్చినట్టేనా?"

"రానట్టే" అన్నాను.

"అవ్. అయితే ఇద్దరికీ రానట్టే. పెట్టు, అచ్చరం కింద వేలు పెట్టు."

మర్నాటి నుంచి పెద్దక్క మా ఇద్దరికీ టీచరు. ఒక్కొక్క అక్షరం కింద నా వేలు, దాని వెనక ఆకు కోసి కోసి నల్లబడిన అమ్మ వేలు. మాఫీ మాత్రం రద్దయింది, ముందు కట్టలు కట్టాకే చదువు. ఆ ఏడాదంతా చెల్లి పక్కనే కూర్చున్నాను (తనే నాకంటే బాగా చదివేది, అది వేరే బాధ). కానీ ఆ మరుసటి శ్రీరామనవమికి, రోడ్డు మీద ఆగిన బస్సు బోర్డును అమ్మ ఎవరినీ అడగకుండా "భ-ద్రా-చ-లం" అని చదివి, మా ఎనిమిది మందినీ ఎక్కించింది. బస్సులో కిటికీ పక్కన ఆమె కూర్చున్న తీరు తలచుకుంటే నాకిప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు నేను పినపాక వైపు ఒక ఆఫీసులో గుమాస్తాని. ఏ కాగితమైనా వేలు పెట్టి చదవనిదే సంతకం పెట్టను, కుర్రవాళ్ళు చాటుగా నవ్వుకుంటారు. మొన్న ఊరికెళ్ళినప్పుడు అమ్మ తన పింఛను కాగితం చేతికిచ్చింది. హడావిడిలో పైపైన చూసి, "అంతా సరిగ్గనే ఉందమ్మా" అన్నాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుంది.

"వేలు పెట్టి సదువు."

నెరిసిన తల వంచుకుని, వేలు పెట్టి మొదటినుంచి చదివాను. రెండో వరుసకొచ్చేసరికి చూస్తే, నా వేలికంటే ఒక మాట ముందు అమ్మ వేలు నడుస్తోంది.